కన్నుబి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? ఒక బరోలో వైన్ పేరు మీద నడిచిన తగువు

2013 అక్టోబరులో ఇటలీలోని అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఒక గుట్ట గురించి తీర్పు చెప్పింది. వాయవ్య ఇటలీలో పీడ్‌మాంట్ ప్రాంతం ఉంది. అక్కడి బరోలో అనే చిన్న ఊరి నుంచి ఈశాన్యం వైపు సన్నగా, పొడుగ్గా సాగే గుట్ట అది. పేరు కన్నుబి. ఆ గుట్ట నిండా ద్రాక్షే.

భూమి ఎవరిదన్న పేచీ అక్కడ లేదు. ఎవరూ హద్దురాళ్లు జరపలేదు, ఒకరి చేలోకి ఒకరు రాలేదు. తేలాల్సింది ఒక్కటే. సీసా మీద ‘బరోలో కన్నుబి’ అని రాసుకునే హక్కు ఆ గుట్టలో ఎంత మేర పండిన ద్రాక్షకు ఉంటుంది? 15 హెక్టార్లకా, 34 హెక్టార్లకా? మన లెక్కలో చెప్పాలంటే 37 ఎకరాలకా, 84 ఎకరాలకా?

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ మంచి ఇటాలియన్ రెడ్ వైన్ కొనేవాళ్లను తికమక పెట్టే ప్రశ్నలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఒకే తోట పేరుతో వచ్చే వైన్‌కు అంత ధర ఎందుకు? ఆ తోట హద్దు ఎవరు గీశారు? ఆ పేరు కొనేవాడికి ఏం హామీ ఇస్తుంది, ఏం ఇవ్వదు?

ఏది బరోలో, ఏది కాదు

బరోలో అనేది ఊరి పేరూ, వైన్ పేరూ. కంపెనీ పేరు కాదు. లాంగె అనే గుట్టల ప్రాంతంలో 11 గ్రామాల పరిధిలో, నెబ్బియోలో అనే ఒకే ఒక్క రకం ద్రాక్షతో చేసిన వైన్‌కే ఆ పేరు పెట్టాలి. మరో రకం పిడికెడు కలిపినా కుదరదు. ఈ 11లో బరోలో, కాస్తిలియోనె ఫల్లెట్టో, సెర్రలుంగా దాల్బా గ్రామాలు పూర్తిగా లోపలున్నాయి. మిగతా గ్రామాల్లో కొంత భాగమే ఉంది.

ఈ నిబంధనలు మొదట 1966లో వచ్చాయి. 1980లో బరోలోకు డీఓసీజీ హోదా దక్కింది. ఇటలీ వైన్ చట్టంలో అదే పై మెట్టు. దాని కింద అన్నిటికీ కొలతలున్నాయి. హెక్టారుకు 8 టన్నులకు మించి ద్రాక్ష తీయకూడదు. సూటిగా ఉత్తరం వైపు చూసే వాలు మీద బరోలో కోసం తీగ నాటకూడదు. కోత అయిన ఏడాది నవంబరు 1 నుంచి కనీసం 38 నెలలు వైన్‌ను నిలవ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉండాలి. ఉదాహరణకు 2020 పంట తీసుకుందాం. 2020 నవంబరు 1 నుంచి 38 నెలలు లెక్కేస్తే 2024 జనవరి 1 వస్తుంది. అంతకుముందు ఆ వైన్‌ను బరోలో అని అమ్మకూడదు. ‘రిజెర్వా’ అని రాయాలంటే 62 నెలలు ఆగాలి, అంటే 2026 జనవరి 1 దాకా.

ఇన్నాళ్లు ఆగడానికి కారణం నెబ్బియోలోలోనే ఉంది. ఈ ద్రాక్షలో పులుపు ఎక్కువ, వగరు మరీ ఎక్కువ. రంగు మాత్రం పలచన. గ్లాసులో చూస్తే తేలికపాటి వైన్ అనిపిస్తుంది, నోట్లో పోసుకోగానే చిగుళ్లు పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరు మెత్తబడి గులాబీ రేకుల వాసన, తారు వాసన, ఎండుటాకుల వాసన పైకి వస్తాయి.

ఒకే గుట్టలో నేల చెక్క చెక్కకూ తేడా ఎందుకు

నెబ్బియోలో ఆలస్యంగా పండే రకం. కోత సాధారణంగా అక్టోబరులో. అప్పటికి అక్కడ చలి మొదలవుతుంది, పొద్దున్నే లోయల్లో పొగమంచు కమ్ముతుంది. కాబట్టి ఎండ ఎక్కడ ఎక్కువసేపు పడుతుందన్నదే దానికి ప్రాణం. పాతకాలం రైతులు దీన్ని పరికరాలు లేకుండానే కనిపెట్టారు. చలికాలం చివర్లో ఏ చెక్క మీద మంచు ముందు కరిగితే ఆ చెక్క నెబ్బియోలోకు. మంచు ఆలస్యంగా కరిగే చోట దొల్చెట్టో, బార్బెరా వంటి తొందరగా లేదా తేలిగ్గా పండే రకాలు. దక్షిణం చూసే ఎండ వాలుకు వాళ్ల మాండలికంలో ‘సొరీ’ అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది.

ఎండ తర్వాత మట్టి. బరోలో ప్రాంతంలో పడమట ఉన్న లా మొర్రా, బరోలో గ్రామాల వైపు నేల సున్నం కలిసిన మెత్తటి నీలి బంకమట్టి. అక్కడి వైన్లు కాస్త ముందుగా తెరుచుకుంటాయి, వాసన ముందుకు వస్తుంది. తూర్పున సెర్రలుంగా వైపు నేల గట్టిది, వైన్ కూడా గట్టిదే, వగరు తగ్గడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ఇది మరీ స్థూలమైన విభజన, మినహాయింపులు చాలా ఉన్నాయి. అయినా మొదటిసారి రుచి చూసేవాళ్లకు దారి చూపడానికి పనికొస్తుంది.

కన్నుబి ఈ రెండు రకాల నేలలు కలిసే దగ్గర ఉంది. బంకమట్టిలో ఇసుక పాలు ఎక్కువ. చుట్టూ ఉన్న ఎత్తైన కొండలు విపరీతమైన వాతావరణం నుంచి దాన్ని కొంత కాపాడతాయి. ఇసుక వల్ల వైన్‌కు వాసన, సున్నితత్వం వస్తాయనీ, బంకమట్టి వల్ల నిలిచే బలం వస్తుందనీ అక్కడివాళ్లు చెబుతారు. ఈ గుట్ట పేరు ఎంత పాతదంటే, ‘కన్నుబి 1752’ అని రాసిన ఒక సీసా దగ్గర్లోని బ్రా పట్టణంలో ఒక కుటుంబం దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. సీసాల మీద బరోలో అనే పేరు కనిపించడానికి ముందే కన్నుబి పేరు కనిపించిందని దీన్ని చూపించే చెబుతారు.

కలపడం గొప్పా, విడిగా ఉంచడం గొప్పా

ఇంత పేరున్న గుట్ట అయినా, ఇరవయ్యో శతాబ్దం సగం దాటేదాకా దాని పేరుతో విడిగా వైన్ రావడం అరుదు. కారణం వ్యాపార పద్ధతి. రైతులు ద్రాక్ష పండించేవాళ్లు, పెద్ద వ్యాపారులు పది గుట్టల నుంచి కొని కలిపి ‘బరోలో’ అని అమ్మేవాళ్లు. ఏ గుట్ట పంట మంచిదో వ్యాపారికి తెలుసు. కన్నుబి ద్రాక్షకు మిగతావాటి కన్నా ఎక్కువ రేటు పలికేది. సీసా దాకా వచ్చేసరికి మాత్రం ఆ పేరు కనిపించేది కాదు.

1961 పంటతో ఇది మారింది. ప్రునోట్టో సంస్థ ‘బుస్సియా’ తోటనూ, వియెట్టి సంస్థ ‘రొక్కె’ తోటనూ విడిగా సీసాల్లో నింపి ఆ పేర్లు లేబుల్ మీదకు తెచ్చాయి. పక్కనే ఉన్న బార్బరెస్కోలో 1967లో ఆంజెలో గాయా అనే తయారీదారు ‘సొరీ సాన్ లొరెంజో’ తోట పేరుతో వైన్ తెచ్చారు. రెనాతో రత్తి అనే వైన్ తయారీదారు బరోలో ప్రాంతంలోని మంచి తోటలను గుర్తిస్తూ మ్యాపు గీశారు. 1980ల నాటికి ఒకే తోట పేరున్న బరోలో అంటే మేలైనదన్న అభిప్రాయం బలపడింది, ధర కూడా దాన్ని అనుసరించింది.

అందరూ ఒప్పుకోలేదు. బరోలో ఊళ్లోని వైన్ తయారీదారు బార్తొలో మస్కరెల్లో చివరిదాకా నాలుగు తోటల ద్రాక్షను కలిపే వైన్ చేశారు. అందులో కన్నుబి కూడా ఒకటి. కొత్త చిన్న ఫ్రెంచ్ పీపాల మోజు మీద ఆయనకున్న కోపం ఎంతటిదంటే, ‘బారీక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు’ అని స్వయంగా లేబుల్ గీసి సీసాలకు అంటించారు. బారీక్ అంటే ఆ చిన్న పీపాయే, బెర్లుస్కోనీ ఇటలీ రాజకీయ నాయకుడు. 2005లో ఆయన పోయాక కూతురు మరియా తెరెజా అదే పద్ధతి కొనసాగిస్తున్నారు.

కలపడాన్ని సమర్థించేవాళ్ల వాదనలో పస ఉంది. ఎండ ఎక్కువ పడే చెక్క నుంచి బలం, చల్లటి చెక్క నుంచి పులుపు తీసుకుంటే వైన్ సమతూకంగా ఉంటుంది. పైగా అది పంట బీమా లాంటిది. 2002 సెప్టెంబరులో బరోలో చుట్టుపక్కల పెద్ద వడగళ్ల వాన పడి చాలా తోటలు పాడయ్యాయి. అలాంటి ఏడాది ఒకే తోట మీద ఆధారపడినవాడికి ఏమీ మిగలదు. విడిగా ఉంచాలనేవాళ్ల మాట కూడా సూటిగానే ఉంటుంది: ఈ చెక్కకు తనదైన గొంతు ఉన్నప్పుడు దాన్ని పదిమందిలో కలిపేస్తే ఎలా వినిపిస్తుంది? రెండు పద్ధతుల్లోనూ గొప్ప వైన్లు వచ్చాయి. ఒకే తోట అన్నంత మాత్రాన మేలైనదని అనుకోవడం మాత్రం పొరపాటు.

2010 మ్యాపు: 181 పేర్లు, ర్యాంకులు లేవు

తోట పేరుకు డబ్బు వస్తున్నప్పుడు ఆ పేరు ఎవరు పడితే వాళ్లు వాడకుండా చూడాలి. అందుకని 2010లో బరోలో ప్రాంతానికి అధికారికంగా ‘అదనపు భౌగోళిక ప్రస్తావనలు’ ఖరారు చేశారు. ఇటాలియన్ పొడి అక్షరాల్లో ఎంజీఏ. మొత్తం 181. వాటిలో 11 గ్రామాల పేర్లు, మిగతా 170 తోటలు ఉన్న జాగాల పేర్లు.

ఇక్కడ రెండు సంగతులు తెలియకపోతే తికమక తప్పదు. మొదటిది, ఎంజీఏ అంటే హద్దు మాత్రమే, మార్కులు కావు. ఫ్రాన్స్‌లోని బుర్గుండీలో తోటలకు గ్రాండ్ క్రూ, ప్రీమియర్ క్రూ అని అంతస్తులున్నాయి. బరోలోలో అలాంటి వర్గీకరణ అధికారికంగా లేదు. అందరికీ తెలిసిన గొప్ప తోటకూ, ఎవరూ వినని తోటకూ మ్యాపులో ఒకే హోదా.

రెండోది, అన్నీ ఒకే సైజు కావు. కొన్ని గ్రామాలు పాత చిన్న పేర్లను అలాగే ఉంచాయి. కొన్ని మాత్రం ఒక పేరున్న తోట చుట్టూ పెద్ద గీత గీశాయి. మోంఫోర్తె దాల్బాలోని బుస్సియా దాదాపు 300 హెక్టార్లు, అంటే 740 ఎకరాలు. అందులో ఎత్తులు వేరు, వాలు తిరిగిన దిక్కులు వేరు. అంత విస్తీర్ణంలో ‘బుస్సియా’ అనే మాట కొనేవాడికి చెప్పేది తక్కువే. దాన్ని చూశాక కన్నుబి 34 హెక్టార్ల గురించి ఎందుకింత రాద్ధాంతం అనిపించవచ్చు. కానీ కన్నుబి విలువంతా అది చిన్నదన్న నమ్మకంలోనే ఉంది.

అసలు తగువు

కన్నుబి గుట్ట మీద ఐదు భాగాలున్నాయి. మధ్యలో ఉన్నది ఉత్త కన్నుబి, సుమారు 15 హెక్టార్లు. దాని అటూ ఇటూ కన్నుబి బోస్కిస్, కన్నుబి మస్కతెల్, కన్నుబి సాన్ లొరెంజో, కన్నుబి వల్లెట్టా. ఐదూ కలిపితే సుమారు 34 హెక్టార్లు.

2010 నిబంధన ప్రకారం పక్క నాలుగు భాగాలవాళ్లు తమ పూర్తి పేరు రాసుకోవచ్చు, లేదా ఉత్త ‘కన్నుబి’ అనీ రాసుకోవచ్చు. మధ్య భాగంవాళ్లలో కొందరికి ఇది మింగుడుపడలేదు. మరియా తెరెజా మస్కరెల్లో ముందు నిలబడగా మరికొందరు ఉత్పత్తిదారులు కోర్టుకెక్కారు. 2012లో లాజియో ప్రాంతీయ పరిపాలనా కోర్టు వాళ్ల వైపే తీర్పిచ్చింది. వ్యవసాయ మంత్రిత్వ శాఖ, మార్కెజి ది బరోలో సంస్థ పైకోర్టుకు వెళ్లాయి. 2013లో కింది తీర్పు తిరగబడింది. గుట్ట మొత్తం కన్నుబి అని రాసుకోవచ్చని తేలింది.

మస్కరెల్లో పక్షం వాదన నేల మీద నిలబడింది. మధ్య భాగపు మట్టి, ఎండ, గాలి వేరు. పక్క భాగాలకు విడి పేర్లు ఎప్పటినుంచో ఉన్నాయంటే, పాతవాళ్లు తేడా గమనించారు కాబట్టే. మస్కరెల్లో వాళ్లకు కన్నుబి పేరుతో విడిగా సీసా కూడా లేదు, వాళ్లది కలిపే వైన్. పేరు చిన్నగా మిగిలితే సీసా అమ్ముకునే లాభం ఆవిడకు సూటిగా రాదు. అయినా పోరాడారంటే ఆ హద్దు మీద వాళ్లకున్న పట్టింపు ఎంతటిదో తెలుస్తుంది.

మార్కెజి ది బరోలో పక్షం వాదన వాడుక మీద నిలబడింది. ఊరివాళ్లు ఆ గుట్టనంతా కన్నుబి అనే పిలిచారు. మస్కతెల్, వల్లెట్టా లాంటివి లోపలి చిన్న చెక్కల గుర్తులు. ఐదు పేర్లలోనూ మొదట ఉన్నది కన్నుబియే. దశాబ్దాలుగా ఆ పేరుతో అమ్మిన వైన్‌ను ఈరోజు కొత్త గీత గీసి కాదనడం అన్యాయం. గుట్ట కూడా ఒకటే, మధ్యలో వాగో, లోయో లేదు. పైకోర్టు ఈ చారిత్రక వాడుకకే మొగ్గింది.

మనకు తెలిసిన బనగానపల్లె మామిడిని తలచుకుంటే రెండు వైపులా తర్కం అర్థమవుతుంది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు ఒక ఊరిది, పంట రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో జిల్లాలది. పేరు ఊరు దాటి పోవడం తప్పని అక్కడ ఎవరూ అనరు, ఎందుకంటే జనం ఆ మాటను మామిడి రకంగా వాడుతున్నారు. కన్నుబి రకం పేరు కాదు, నేల పేరు. అందుకే అక్కడ గీత బిగువుగా ఉండాలని ఒక పక్షం పట్టుబట్టింది.

నా ఉద్దేశంలో చరిత్ర పరంగా పైకోర్టు మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ నష్టపోయింది మాత్రం కొనేవాడే. 2010కి ముందూ తర్వాతా అతనికి కావాల్సింది సమాచారం. ఇప్పుడు ఉత్త ‘కన్నుబి’ అని కనిపిస్తే అది మధ్య భాగానిదో, పక్క చెక్కదో లేబుల్ చెప్పదు. పక్క భాగాలవాళ్లు పూర్తి పేరు తప్పనిసరిగా రాయాలని నిబంధన పెట్టి ఉంటే వాళ్ల గౌరవానికి లోటు వచ్చేది కాదు, కొనేవాడికి తెలిసేది.

పేరు సాగితే ఎన్ని సీసాలు పెరుగుతాయి

లెక్క వేసి చూద్దాం. హెక్టారుకు గరిష్ఠం 8 టన్నుల ద్రాక్ష. అందులో 68 శాతం దాకా వైన్‌గా తీయవచ్చు. అంటే హెక్టారుకు 5,440 లీటర్లు.

15 హెక్టార్లకు 81,600 లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాల్లో పోస్తే 1,08,800 సీసాలు. 34 హెక్టార్లకు 1,84,960 లీటర్లు, సుమారు 2,46,600 సీసాలు. తేడా దాదాపు 1,38,000 సీసాలు.

ఇది కాగితం మీది పైహద్దు. నిజంగా ఇంత రాదు. ప్రతి అడుగులోనూ నెబ్బియోలో ఉండదు, మంచి రైతులు గుత్తులు ముందే తెంపి దిగుబడి తగ్గిస్తారు, కొందరు మస్కరెల్లోలా కలిపేస్తారు. అయినా నిష్పత్తి మారదు. ప్రపంచమంతా పంచుకోవాల్సిన కాస్త వైన్‌కు అదే పేరుతో సరుకు రెండింతలకు పైగా అయితే ధర మీద, నమ్మకం మీద ప్రభావం ఉంటుందని మధ్య భాగంవాళ్లు టెన్షన్ పడటంలో వింత లేదు.

ఒకే తోట, వేరే చేతులు

హద్దు గొడవ పక్కన పెడితే, పేరు చెప్పని ఇంకో పెద్ద విషయం తయారీ. కన్నుబిలో ఒక్కరికే భూమి లేదు, చాలా సంస్థలకు చెక్కలున్నాయి. ఒకరు ద్రాక్ష తొక్కలను రసంలో నెల దాటి నానబెడతారు, ఇంకొకరు పది పదిహేను రోజుల్లో వడకడతారు. తొక్కల్లోంచే వగరు దిగుతుంది కాబట్టి రెండూ ఒకలా ఉండవు. ఒకరు వేల లీటర్లు పట్టే పాత పెద్ద పీపాల్లో ఉంచుతారు, వాటిలో చెక్క వాసన వైన్‌కు అంటదు. ఇంకొకరు 225 లీటర్ల చిన్న కొత్త పీపాలు వాడతారు, వెనిలా, కాల్చిన చెక్క వాసన దిగుతుంది. 1980, 90లలో ఈ రెండు పద్ధతుల మధ్య జరిగిన పోట్లాటనే ‘బరోలో యుద్ధాలు’ అన్నారు. ఇప్పుడు చాలామంది మధ్యస్థంగా పని చేస్తున్నారు.

అంచేత సీసా ఎంచుకునేటప్పుడు తోట పేరు ఎంత ముఖ్యమో తయారుచేసినవాళ్ల పేరూ అంతే ముఖ్యం. నన్నడిగితే తయారీదారు పేరే ముందు చూడాలి.

లేబుల్ మీద ఏముంటే ఏమని అర్థం

ఉత్త ‘బరోలో’ అని ఉంటే ద్రాక్ష 11 గ్రామాల పరిధిలో ఎక్కడిదైనా కావచ్చు. బార్తొలో మస్కరెల్లో వైన్ కూడా ఈ కోవకే వస్తుంది, కాబట్టి ఉత్త బరోలో అంటే తక్కువరకం అనుకోకూడదు. ‘బరోలో దెల్ కమూనె ది సెర్రలుంగా దాల్బా’ అని ఉంటే ఆ ఒక్క గ్రామానిది. ‘బరోలో కన్నుబి’ అంటే గుట్ట మీది ఐదు భాగాల్లో ఏదైనా కావచ్చు. ‘బరోలో కన్నుబి బోస్కిస్’ అంటే ఆ ఒక్క భాగానిది. వీటికి తోడు ‘వీన్యా’ అనే మాట, ఆ తర్వాత ఒక పేరు ఉంటే, అది ఎంజీఏ లోపలి ఇంకా చిన్న చెక్క. దానికి హెక్టారుకు 8 బదులు 7.2 టన్నులే పరిమితి.

ఈ మెట్లకు లొంగని పేర్లు కూడా ఉన్నాయి. లుచానో సాండ్రోనె అనే తయారీదారు 1985 పంట నుంచి ‘కన్నుబి బోస్కిస్’ పేరుతో వైన్ తెచ్చి ఆ భాగానికి ప్రపంచంలో పేరు తెచ్చిపెట్టారు. 2013 పంట నుంచి ఆ వైన్ పేరు ‘అలెస్తె’ అయింది. మనవరాలు అలెస్సియా, మనవడు స్తెఫానో పేర్ల ముక్కలు కలిపితే వచ్చిన పేరది. తోట అదే, కొనేవాళ్లూ అలాగే కొంటున్నారు. గుట్ట పేరు లేబుల్ మీద పెద్దగా లేకపోయినా తయారుచేసినవాడి పేరుతోనే ఆ వైన్ నిలబడింది.